83 వస్తుంది, 105.5 రాదు: తిరుపతి మిద్దె మీద మోటార్ డిష్ ఎక్కడ తప్పుతుంది?

తిరుపతిలో మిద్దె మీద ఎనిమిది అడుగుల జాలీ డిష్ పెట్టుకుని, మోటారుతో తిప్పుతూ ఉపగ్రహాలు వెతికేవాళ్లు ఇప్పుడు తక్కువే. ఆ కొద్దిమంది దగ్గర తరచూ వినిపించే గొడవ ఒకటుంది. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న ఉపగ్రహం దగ్గర బొమ్మ నిక్షేపంగా ఉంటుంది. 93.5కి తిప్పితే ఫర్వాలేదు. 105.5కి పోతే రిసీవర్ చూపించే సిగ్నల్ క్వాలిటీ సున్నా. పానా తీసుకుని మిద్దెక్కుతారు, చేతికందిన బోల్టు వదులు చేసి ఎలాగో 105.5ని పట్టుకుంటారు. కిందికి దిగి చూస్తే 83 పోయి ఉంటుంది. మళ్లీ ఎక్కుతారు. సాయంత్రానికి ఏ బోల్టు మొదట ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

మోటార్ డిష్ అమరికలో మూడు వేర్వేరు తప్పులకు చోటుంది. ఒకే ఉపగ్రహం దగ్గర నిలబడి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి, సిగ్నల్ లేదు అని. తూర్పున ఒకటి, నడుమ ఒకటి, పడమరన ఒకటి చూసి, మూడింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే ఏ తప్పు ఏదో విడిపోతుంది. ఈ వ్యాసమంతా ఆ విడదీయడం గురించే.

బోల్టు ముట్టుకునే ముందు

తప్పు అసలు అమరికదేనా అన్నది మొదటి ప్రశ్న. ఉపగ్రహాలు మారుతుంటాయి, స్థానాలు మాత్రం అలాగే ఉంటాయి. 83 డిగ్రీల తూర్పున ఒకప్పుడు ఇన్‌శాట్-4ఎ ఉండేది. 2020 జనవరిలో వెళ్లిన జీశాట్-30 ఆ చోటు తీసుకుంది. 93.5లో జీశాట్-15, జీశాట్-17 ఉన్నాయి. (శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉన్నా, ఈ మూడూ ఎగిరింది మాత్రం ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి, ఏరియన్-5 రాకెట్ల మీద.) ఉపగ్రహం మారినప్పుడు ఛానళ్ల ఫ్రీక్వెన్సీలూ మారవచ్చు. పాత జాబితా పెట్టుకుని వెతికితే డిష్ సరిగ్గా చూస్తున్నా సిగ్నల్ మీటరు కదలదు. రిసీవర్‌లో బ్లైండ్ స్కాన్ (జాబితా లేకుండా ఛానళ్లను తనే వెతకడం) ఉంటే ముందు అది నడపండి.

రెండో దొంగ 5జీ. 2022 వేలంలో 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా మొబైల్ కంపెనీలకు ఇచ్చారు. పాత సి-బ్యాండ్ (పెద్ద డిష్‌లు వాడే ఫ్రీక్వెన్సీల పట్టీ) ఎల్‌ఎన్‌బి, అంటే డిష్ ముందు నిలిచి సిగ్నల్ అందుకునే పరికరం, 3400 నుంచి 4200 దాకా నోరు తెరుచుకుని కూర్చుంటుంది. సుమారు 36,000 కిలోమీటర్ల నుంచి వచ్చే సిగ్నల్ కోసం తయారైన ఆ పరికరంలోకి పక్క వీధి టవర్ సిగ్నల్ జొరబడితే ఎల్‌ఎన్‌బి ఉక్కిరిబిక్కిరై అన్ని ఛానళ్లనూ పాడు చేస్తుంది. దీన్ని గుర్తుపట్టడం సులువే. డిష్‌ను ఎటు నొక్కినా ఏమీ మెరుగుపడదు, కానీ టవర్ వైపు నుంచి పక్కకు, వేరే ఉపగ్రహానికి తిప్పితే అక్కడి ఛానళ్లు తేరుకోవచ్చు. మందు ఒకటే: 3700 నుంచి 4200 మాత్రమే రానిచ్చే 5జీ ఫిల్టర్ ఉన్న ఎల్‌ఎన్‌బి. దీనికి బోల్టులు తిప్పడం వృథా శ్రమ.

తిరుపతి ఆకాశంలో ఆ వంపు

టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఒకే వలయంలో ఉంటాయి. మనం భూమధ్యరేఖకు 13.6 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాం కాబట్టి ఆ వలయం మనకు దక్షిణాకాశంలో ఒక వంపుగా కనిపించాలి. వంపు నడినెత్తి ఎక్కడుంటుందో లెక్క వేస్తే, తిరుపతి నుంచి 74 డిగ్రీల ఎత్తున వస్తుంది. ఢిల్లీలో అదే 57 దరిదాపు. అంటే మన డిష్ దాదాపు ఆకాశం వైపు తెరిచిన పళ్లెంలా పడుకుని ఉంటుంది. ఈ ఒక్క సంగతి వల్లే ఇక్కడి ఇబ్బందులు ఉత్తరాది ఇబ్బందులకన్నా వేరుగా ఉంటాయి. ఉత్తరాది డిష్‌ల కోసం, అమెరికా డిష్‌ల కోసం రాసిన సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి.

శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉండటం మన అదృష్టం. అలిపిరి పక్కనే ఇల్లున్నా దక్షిణం తెరిచే ఉంటుంది.

మోటార్ ఒక్కటే. కానీ ఆ ఒక్క కదలికతో డిష్ మొత్తం వంపు వెంట నడవాలి. అందుకే పోలార్ మౌంట్, అంటే డిష్‌ను పైపు మీద నిలిపి ఒకే ఇరుసు మీద తిప్పే చట్రం. దాని ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా, అంటే ధ్రువ నక్షత్రం వైపు చూస్తూ ఉండాలి. తిరుపతిలో ధ్రువ నక్షత్రం కొండల మీదుగా పద్నాలుగు డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి మన ఇరుసు కూడా నేలకు 13.6 డిగ్రీల వాలులో దాదాపు పడుకున్నట్టే ఉంటుంది. ఉపగ్రహాలు నక్షత్రాలంత దూరంలో లేవు గనక డిష్‌ను ఆ ఇరుసు నుంచి ఇంకో 2.4 డిగ్రీలు దక్షిణానికి వంచాలి. దాన్నే డిక్లినేషన్ అంటారు. రెండూ కలిపితే 16. డిష్ నడిమధ్యలో ఉన్నప్పుడు దాని అంచుల మీద ఉత్తర దక్షిణంగా ఒక తిన్నని బద్ద పెట్టి, ఫోన్‌లోని కోణమానితో చూస్తే 16 డిగ్రీలు చూపించాలి. లెక్క కచ్చితంగా కావాలంటే ఇరుసు 13.9, డిక్లినేషన్ 2.1 పెట్టుకోవచ్చు. వంపు చివర్లలో ఉపగ్రహాలు మనకు మరింత దూరమవుతాయి కాబట్టి ఆ చిన్న సవరణ. అప్పుడూ మొత్తం పదహారే.

ఇంట్లో తలుపు నేలను రాసుకుంటుంటే మంచి వడ్రంగి ముందు బందులు చూస్తాడు, తలుపు అంచు చెక్కడు. ఇరుసు డిష్‌కు బందు లాంటిది. అది ఒరిగితే యాక్చుయేటర్ (డిష్‌ను తోసి తిప్పే మోటారు చేయి) ఎంత సవరించినా వంపు కుదరదు.

మూడు తప్పులు, మూడు ఆకారాలు

మొదటిది డిక్లినేషన్ తప్పు. దీని వల్ల డిష్ చూపు తూర్పు, నడుమ, పడమర అన్నిచోట్లా ఒకే దిశలో, ఒకే మోతాదులో తప్పుతుంది. రెండోది ఇరుసు వాలు తప్పు. ఇది నడుమ ఎక్కువగా ఉండి చివర్లకు పోయేకొద్దీ తగ్గుతుంది. మూడోది దక్షిణం తప్పు, అంటే మౌంట్ మొత్తం పైపు మీద ఎటో తిరిగి ఉండటం. ఇది నడుమ అసలు కనిపించదు. చివర్లకు పోయేకొద్దీ పెరుగుతుంది. పైగా తూర్పున చూపు పైకి పోతే పడమరన కిందికి పోతుంది, లేదా అటుది ఇటు.

ఇప్పుడు మొదట చెప్పిన గొడవకు వద్దాం. మౌంట్ దక్షిణానికి 3 డిగ్రీలు పక్కకు తిరిగి ఉందనుకోండి. 83 దగ్గర చూపు తప్పేది 0.2 డిగ్రీ. 93.5 దగ్గర 0.8. 105.5 దగ్గర దాదాపు 1.5. ఎనిమిది అడుగుల డిష్‌కు సి-బ్యాండ్‌లో చూపు వెడల్పు సుమారు 2.1 డిగ్రీలు, అంటే నడుమ నుంచి ఇటో డిగ్రీ, అటో డిగ్రీ. 0.2 తప్పు తెలియనే తెలియదు. 0.8 తప్పితే బొమ్మ వస్తుంది కానీ వానకు వణుకుతుంది. 1.5 తప్పితే డిజిటల్ రిసీవర్ చేతులెత్తేస్తుంది. నిక్షేపం, ఫర్వాలేదు, సున్నా. వరుస అచ్చంగా అదే. పన్నెండు అడుగుల డిష్ అయితే చూపు వెడల్పు 1.4కి తగ్గుతుంది, 93.5 కూడా పోతుంది. పెద్ద డిష్ పెడితే తప్పులు కప్పుకుపోతాయని కొందరంటారు. జరిగేది తలకిందులు.

మరి ఇరుసు వాలు, డిక్లినేషన్ తప్పుల మాటేమిటి? ఇరుసు ఒక డిగ్రీ ఎక్కువై, డిక్లినేషన్ ఒక డిగ్రీ తక్కువై, మొత్తం 16 సరిపోయిందనుకోండి. 105.5 దగ్గర తేడా 0.14 డిగ్రీ. పట్టించుకోనక్కర్లేదు. అందుకే తిరుపతి, చిత్తూరు లాంటి చోట్ల నా తీర్పు సూటిగా ఉంటుంది. నడుమ వచ్చి చివర్లు పోతున్నాయంటే దక్షిణాన్ని అనుమానించండి. ఇరుసు వాలును మార్చే ఎలివేషన్ బోల్టు, డిక్లినేషన్ బోల్టు ముట్టుకోకండి. అవి అందుబాటులో ఉంటాయి, తిప్పడానికి వీలుగా ఉంటాయి కాబట్టి అందరి చెయ్యీ ముందు వాటి మీదికే పోతుంది. మౌంట్‌ను పైపు మీద తిప్పే బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, వాటి జోలికి ఎవరూ పోరు. తప్పు ఎక్కువగా దాక్కునేది అక్కడే.

చేత్తో నొక్కి చూడటం

ఆకారం కనిపెట్టడానికి పాత పద్ధతే మేలు. ఒకరు మీటరు చూడాలి, ఒకరు డిష్ దగ్గర ఉండాలి. గాలి లేని ఉదయం పూట చేయండి. ఎనిమిది అడుగుల డిష్ గాలికి తెరచాపలా లాగుతుంది. పిట్టగోడ ఎక్కి నిలబడి ఈ పని ఎవరూ చేయకూడదు.

ముందు 78.5, 83లలో ఏదో ఒక ఉపగ్రహానికి యాక్చుయేటర్‌తో గరిష్ఠం తెచ్చుకోండి. అప్పుడు డిష్ ఉత్తరపు అంచును మెల్లగా కిందికి నొక్కండి. చూపు ఉత్తరానికి, అంటే పైకి జరుగుతుంది. తర్వాత దక్షిణపు అంచును నొక్కండి. ఏది నొక్కితే క్వాలిటీ పెరిగిందో రాసుకోండి. ఇదే పని తూర్పున 105.5 దగ్గర, పడమరన 66 లేదా 68.5 దగ్గర చేయండి. పడమరన ఇంకా దూరం దొరికితే మరీ మంచిది. నడుమ ఉపగ్రహాలను ఎంత చూసినా దక్షిణం తప్పు బయటపడదు, చివర్లే నిజం చెబుతాయి. బొమ్మ అస్సలు రాని చోట గుడ్డిగా నొక్కి లాభం లేదు. అలాంటప్పుడు ఒక అంచు నొక్కి పట్టుకునే యాక్చుయేటర్‌ను మెల్లగా అటూ ఇటూ నడిపించాలి.

మూడు చోట్లా ఒకే దిశ వస్తే ఇరుసు, డిక్లినేషన్ కలిపిన ఆ 16 డిగ్రీల మొత్తంలో తప్పుంది. సిద్ధాంతం ప్రకారం అది డిక్లినేషన్. కానీ మన వంపులో మనకు అందే భాగానికి ఎలివేషన్ బోల్టు తిప్పినా దాదాపు అదే ఫలితం వస్తుంది. తూర్పున ఒకటి, పడమరన దానికి వ్యతిరేకం వస్తే మౌంట్‌ను పైపు మీద తిప్పాలి. ఎటు తిప్పాలన్నది చాలామందిని తికమక పెట్టే చోటు. ఏ వైపున డిష్ మరీ కిందికి చూస్తోందో, అంటే ఉత్తరపు అంచు నొక్కితే ఏ వైపున మెరుగుపడుతుందో, మౌంట్‌ను ఆ వైపుకే తిప్పాలి. తూర్పున ఉత్తరపు అంచు నొక్కితే బాగుపడితే మౌంట్ ముఖాన్ని తూర్పుకు జరపండి. కొంచెమే. పైపు మీద, క్లాంపు మీద కలిసేలా ముందు ఒక పెయింట్ గీత గీసుకుంటే ఎంత జరిగిందో తెలుస్తుంది. వెనక్కి వెళ్లాలన్నా దారి ఉంటుంది. నాలుగంగుళాల పైపు మీద ఒక డిగ్రీ అంటే ఒక మిల్లీమీటరుకన్నా తక్కువ. సుత్తితో కొట్టే పని కాదు.

దక్షిణం ఎక్కడ?

83నే దక్షిణం అనుకుని మౌంట్ బిగించినవాళ్లు ఉంటారు. లెక్క చూస్తే భయం వేస్తుంది. తిరుపతి 79.4 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. 83కి తేడా మూడున్నర డిగ్రీలే. కానీ ఉపగ్రహం అంత ఎత్తున ఉన్నప్పుడు ఆ చిన్న తేడా దిక్కులో నాలుగింతలవుతుంది. 83 మనకు కనిపించే దిక్కు 165 డిగ్రీలు, అంటే దక్షిణానికి పదిహేను డిగ్రీలు తూర్పున. 78.5లో ఉన్న థాయ్‌కామ్ మన నడినెత్తి మీదే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ అదీ దక్షిణానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంటుంది. ఉపగ్రహాన్ని చూసి దక్షిణం పెట్టుకోవద్దు.

దిక్సూచి? ఇక్కడ అయస్కాంత ఉత్తరం అసలు ఉత్తరానికి ఒకటి రెండు డిగ్రీలు పడమరన ఉంటుంది. దాన్ని సరిచేసుకోవచ్చు. కానీ స్లాబులోని కడ్డీలు, ఇనుప పైపు, పక్కనున్న నీళ్ల ట్యాంకు స్టాండు దాన్ని ఎంత లాగుతాయో ఎవరు చెప్పగలరు? ఫోన్ దిక్సూచి మరీ అన్యాయం.

ఎండను మించిన సాధనం లేదు. పిట్టగోడకు ఒక కర్ర కట్టి తూకం గుండు వేలాడదీయండి. సూర్యుడు సరిగ్గా దక్షిణోత్తర రేఖ మీదికి వచ్చిన నిమిషంలో ఆ తాడు నీడ మీద సుద్దగీత గీస్తే అదే మీ దక్షిణం. ఆ నిమిషం పన్నెండు గంటలకు రాదు. మన గడియారం 82.5 రేఖాంశానిది, మనం దానికి మూడు డిగ్రీలు పడమరన ఉన్నాం కాబట్టి సగటున 12:12కి వస్తుంది. కాలాన్ని బట్టి ఫిబ్రవరి మధ్యలో దాదాపు 12:27 దాకా వెళ్తుంది, నవంబరు మొదట్లో 11:56కే వచ్చేస్తుంది. ఆ రోజు సూర్యోదయం, సూర్యాస్తమయం సమయాలు కూడి సగం చేస్తే నిమిషం తేడాలో దొరుకుతుంది.

అయితే అన్ని నెలలూ ఒకటి కాదు. ఏప్రిల్ చివరి వారంలో, ఆగస్టు మధ్యలో సూర్యుడు మనకు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, తాడుకు నీడే ఉండదు. ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. రేఖ అదే గానీ నీడ పొట్టిది, చకచకా తిరిగిపోతుంది. మార్చి మూడో వారంలో గడియారం ఒక నిమిషం తప్పితే దక్షిణం ఒక డిగ్రీ తప్పుతుంది. డిసెంబరులో అదే నిమిషానికి 0.4 డిగ్రీ. ఈ పని సంక్రాంతికి ముందు పెట్టుకోండి.

సమయం నమ్మకం లేకపోతే శంకువు పద్ధతి ఉంది. నేల మీద ఒక వృత్తం గీసి నడుమ నిటారుగా పుల్ల పాతాలి. ఉదయం నీడ కొన వృత్తాన్ని తాకిన చోటు ఒకటి, మధ్యాహ్నం తర్వాత మళ్లీ తాకిన చోటు ఇంకొకటి. ఆ రెంటినీ కలిపిన గీత తూర్పు పడమర. గడియారమే అక్కర్లేదు. గుడి కట్టేవాళ్లు దిక్కులు పట్టడానికి వాడిన పద్ధతి ఇది.

ఏడాదికి రెండుసార్లు ఉచితంగా దొరికే పరీక్ష

మార్చి 14 దరిదాపుల్లో, మళ్లీ సెప్టెంబరు 29 దరిదాపుల్లో తిరుపతి నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా ఉపగ్రహాల వంపు వెంటే నడుస్తాడు. ఆ రోజుల్లో కేబుల్ టీవీ బొమ్మ కాసేపు పోతుంటుంది, సన్ ఔటేజ్ అంటారు. మనకు మాత్రం అది వరం. సూర్యుడు ఒక ఉపగ్రహం వెనక్కి వచ్చిన క్షణంలో, ఆ ఉపగ్రహాన్ని చూస్తున్న డిష్‌లో ఎల్‌ఎన్‌బి నీడ డిష్ సరిగ్గా నడుమ పడాలి.

మార్చి మధ్యలో సూర్యుడు 105.5 వెనక ఉండేది సుమారు 10:20కి. 93.5 వెనక 11:15కి, 83 వెనక 12:04కి, సరిగ్గా దక్షిణాన 12:21కి, 66 వెనక 1:24కి. సెప్టెంబరు చివర్లో ఇవన్నీ దాదాపు పద్దెనిమిది నిమిషాలు ముందే వస్తాయి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా డిష్‌ను ఒక్కో స్థానానికి తిప్పుతూ ఎల్‌ఎన్‌బి నీడ ఎక్కడ పడుతోందో జాలీ మీద గుర్తు పెట్టుకుంటూ పోతే మూడు తప్పుల ఆకారం కళ్ల ముందు గీసినట్టు వస్తుంది. ఫోకస్ దూరం 93 సెంటీమీటర్లున్న డిష్‌లో ఒక డిగ్రీ తప్పుకు నీడ 1.6 సెంటీమీటర్లు జరుగుతుంది. తూర్పున నీడ ఉత్తరానికి, పడమరన దక్షిణానికి, లేదా దానికి వ్యతిరేకంగా జరుగుతుంటే మౌంట్ తిరిగి ఉంది. అన్నిచోట్లా ఒకే వైపు జరిగితే వాలు తప్పు. మీటరు అక్కర్లేదు, రిసీవర్ అక్కర్లేదు. ఒకటి రెండు రోజులు ముందు వెనకలైనా ఫర్వాలేదు, రోజుకు 0.4 డిగ్రీ చొప్పున నీడ మొత్తం ఒకే వైపు జరుగుతుందని గుర్తుంచుకుంటే చాలు.

జాలీ డిష్‌తో ప్రమాదం లేదు. మెరిసే రేకు డిష్ అయితే ఎండ అంతా పోగై ఎల్‌ఎన్‌బి మూత కరిగిపోగలదు. ఎక్కువసేపు ఉంచకండి. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని వేరే చెప్పక్కర్లేదు.

వంపు సరిగ్గానే ఉంది, స్థానాలు జారుతున్నాయి

ఇది వేరే జబ్బు. నిన్న సేవ్ చేసిన 83 ఇవాళ కొంచెం పక్కన దొరుకుతోందంటే ఇరుసుతో సంబంధం లేదు. యాక్చుయేటర్‌ను, దాని లెక్కను చూడాలి.

36 వోల్టుల యాక్చుయేటర్‌లో మోటారుతో పాటు ఒక అయస్కాంత చక్రం, దాని పక్కన రీడ్ స్విచ్ ఉంటాయి. చక్రం తిరిగే కొద్దీ స్విచ్ టిక్కు టిక్కుమని పల్సులు పంపుతుంది. ఇంట్లో ఉండి మోటారును నడిపే పెట్టె, అంటే పొజిషనర్, వాటిని లెక్కబెట్టి డిష్ ఎక్కడుందో అనుకుంటుంది. నిజంగా ఎక్కడుందో దానికి తెలియదు. యాక్చుయేటర్ లోపలి గొట్టం మీద 83 దగ్గర ఒక పెయింట్ గీత గీయండి. డిష్‌ను రెండు చివర్లకూ తిప్పి 83కి పిలవండి. గీత అదే చోటికి వచ్చి సిగ్నల్ మాత్రం రాలేదంటే క్లాంపు జారింది, లేదా మౌంట్ కదిలింది. గీతే పక్కకు వచ్చిందంటే లెక్క తప్పుతోంది. అన్ని స్థానాలూ ఒకే మోతాదులో జరిగి అక్కడే ఆగితే ఒక్కసారి జరిగిన జారుడు, రీసెట్ చేస్తే సరి. తిప్పిన ప్రతిసారీ ఇంకాస్త పెరుగుతుంటే పల్సులు పోతున్నాయి. రీడ్ స్విచ్ అరిగి ఉండవచ్చు, లేదా సెన్సార్ (ఆ రీడ్ స్విచ్) వైరు మోటారు వైరుతో కలిసి పోతూ దాని విద్యుత్ గోల పట్టుకుంటూ ఉండవచ్చు. సెన్సార్‌కు షీల్డ్ ఉన్న వైరు వేయడం, ఆ షీల్డ్‌ను పొజిషనర్ వైపు ఒక్క చివరే ఎర్త్ చేయడం మంచిది.

డిష్ నత్తనడక నడుస్తుంటే వైరు మందం చూడండి. 30 మీటర్ల దూరానికి 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే మోటారు 3 ఆంపియర్లు లాగినప్పుడు దారిలోనే నాలుగు వోల్టులకు పైగా పోతుంది. 1.5 వేస్తే నష్టం సగమవుతుంది.

ఇక మన ఊరికి ప్రత్యేకమైన సమస్య ఒకటి. డిష్ ఆకాశం వైపు తెరుచుకుని ఇరుసు మీద కూర్చుంది కాబట్టి దాని బరువు నడిమధ్యలో ఇరుసుకు సరిగ్గా పైన ఉంటుంది. కొంచెం తూర్పుకు పోతే బరువు తూర్పుకు లాగుతుంది, పడమరకు పోతే పడమరకు. ఆ దాటే చోట పిన్నులో, బాల్ జాయింట్‌లో ఉన్న సందు అంతా ఒక్కసారి అటు నుంచి ఇటు పడుతుంది. డిష్ టక్కున ఒరుగుతుంది, పొజిషనర్ లెక్కలో మాత్రం ఏ మార్పూ ఉండదు. మనకు ఎక్కువగా కావలసిన 78.5, 83 సరిగ్గా ఆ చోటనే ఉన్నాయి. తూర్పు నుంచి వస్తే ఒక చోట, పడమర నుంచి వస్తే ఇంకో చోట 83 దొరుకుతోందంటే కారణం ఇదే. అరిగిన పిన్ను, బుష్ మార్చడం అసలు వైద్యం. అది కుదిరేదాకా ఒకే వైపు నుంచి వచ్చి స్థానం సేవ్ చేసుకోవడం, ఎప్పుడూ ఆ వైపు నుంచే పిలవడం. ఒక పక్క చిన్న బరువు కట్టి ఆ సందును ఎప్పుడూ ఒకే వైపుకు ఒత్తి ఉంచేవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి మోటుగా ఉన్నా పని చేస్తుంది.

ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే అక్టోబరుకు ముందే యాక్చుయేటర్ మోటారు డబ్బాకు అడుగున ఉన్న నీటి రంధ్రం తెరిచి ఉందో లేదో చూడండి. దాన్ని సిలికాన్‌తో మూసేస్తే నీళ్లు రాకుండా పోవు, వచ్చినవి లోపలే ఉండిపోతాయి. రబ్బరు తొడుగు చిరిగితే లోపలి స్క్రూ తుప్పు పట్టి మోటారు మూలుగుతుంది. కొండ పక్క కాలనీల్లో కోతులు వైర్లు పీకే సంగతి వేరే.

ఎల్‌ఎన్‌బి దగ్గర

అన్నిచోట్లా సిగ్నల్ సమానంగా తక్కువగా ఉండి, ఎటు నొక్కినా తగ్గడమే గానీ పెరగడం లేదంటే చూపు సరిగ్గానే ఉంది. డిష్ ఆకారమో, ఎల్‌ఎన్‌బి దూరమో తేడా పడింది. అంచు నుంచి ఎదుటి అంచుకు రెండు దారాలు అడ్డంగా, నిలువుగా బిగించి కట్టండి. నడుమ అవి ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. మధ్యలో ఖాళీ కనిపిస్తే డిష్ మెలి తిరిగింది. తర్వాత దారం నుంచి డిష్ అడుగుకు లోతు కొలవండి. అడ్డుకొలతను దానితోనే గుణించి, లోతుకు పదహారు రెట్లతో భాగిస్తే ఫోకస్ దూరం వస్తుంది. 244 సెంటీమీటర్ల డిష్ లోతు 40 అయితే 93. ఆ దూరం ఫీడ్ హార్న్ (ఎల్‌ఎన్‌బికి ముందుండే గొట్టం) నోటికి కాస్త లోపలికి, ఆరు మిల్లీమీటర్ల దగ్గర పడాలి.

మన దగ్గర డిష్ పైకి చూస్తుంది కాబట్టి ఫీడ్ హార్న్ నోరు కిందికి ఉంటుంది. వాన లోపలికి పోదు, అది మేలే. కానీ కుమ్మరి పురుగులకు అది మంచి ఇల్లు. మూత పోయిన హార్న్‌లో మట్టి గూడు కట్టేస్తే ఏ బోల్టు తిప్పినా సిగ్నల్ రాదు.

సిగ్నల్ తరంగం నిలువుగా ఊగే ఛానళ్లు వచ్చి అడ్డంగా ఊగేవి రాకపోతే, ముందు రెంటి మధ్య ఎల్‌ఎన్‌బిని మార్చే 13, 18 వోల్టులు దాని దగ్గర మారుతున్నాయో లేదో చూడండి. అవి మారుతుంటే ఎల్‌ఎన్‌బిని దాని చట్రంలో తిప్పి, 78.5 లేదా 83 దగ్గర ఒక్కసారి సరిచేయండి చాలు. పోలార్ మౌంట్‌లో డిష్‌తో పాటు అదీ తిరుగుతుంది కాబట్టి మిగతా చోట్ల దాని కోణం దాదాపు తనంతట తానే కుదురుతుంది.

అన్నీ కుదిరాక బోల్టులు బిగించేటప్పుడు ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోవద్దు. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. బిగింపు ఒక్కటే మౌంట్‌ను అర డిగ్రీ తిప్పేయగలదు. బిగించాక మూడు ఉపగ్రహాల దగ్గరా ఉత్తరపు అంచు, దక్షిణపు అంచు మళ్లీ నొక్కి చూడండి. రెండు వైపులా సమానంగా తగ్గితే స్థానాలు సేవ్ చేయండి. ఆ తర్వాత పొజిషనర్‌లో తూర్పు, పడమర లిమిట్లు పెట్టండి. డిష్ అంచు పిట్టగోడకో, ట్యాంకుకో తగలడానికి ఒక జానెడు ముందే ఆగేలా.